చేతులు కట్టుకుంటే నిద్రలేచే ప్రోగ్రాం

మొన్న శనివారం పొద్దున మా అమ్మాయి సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటోంది. నేను పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. ఉన్నట్టుండి ఆ ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను బుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. అమ్మాయి ఏవో మీటలు నొక్కి, ఏదో పట్టిక తెరిచి, ఈ పేరు ఎప్పుడూ చూడలేదే అని గొణుక్కుని, ఆ పేరేమిటో ఫోన్‌ని అడిగి, అది చెప్పినట్టు చేసేసి, కప్పులో టీ చల్లారకముందే మళ్ళీ పనిలో పడిపోయింది. అంతటితో ఊరుకుని ఉంటే నేనీ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చునేదాన్ని కాదు. ఊరుకోలేదు. "దొరక్కపోతే పిన్నికి ఫోన్ చేద్దామనుకున్నానమ్మా" అంది.

పిన్నికట! ఎదురుగా కన్నతల్లి బెండకాయలు తరుగుతూ కూర్చుని ఉండగా, ఎక్కడో టోలిచౌకిలో ఉన్న నా తోడికోడలికట! నాకు చర్రున మండింది. ఇలాంటి తెలియని ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్ వెనకాల దొంగచాటుగా నడుస్తుంటే, మొట్టమొదట ఈ రెండు కళ్ళతో చూసి పట్టుకున్నది ఎవరనుకుంటున్నావే అని అడగబోయి, అడిగితే ఆ కథంతా చెప్పాలి, చెబితే అది ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడుతుంది, ఆ ఊఁలు నేను భరించలేను అని ఊరుకున్నాను. మీరైతే నా ఈడువారు, ఓపికగా వింటారు. విని న్యాయం కూడా మీరే చెప్పండి.

మా మామగారు సౌండ్ రికార్డిస్టు. సినిమా వాళ్ళంతా మద్రాసు వదిలి ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్న రోజుల్లో ఆయన కూడా మూటాముల్లె సర్దుకుని వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఏటవాలుగా ఉన్న ఒక స్థలంలో ఇల్లు కట్టారు. పైన మేము కాపురం ఉండేవాళ్ళం, కింద డబ్బింగ్ థియేటర్. థియేటర్ అంటే పెద్దదేమీ కాదు, మధ్యలో అద్దం గోడ ఉన్న రెండు గదులు. అద్దానికి అవతల నటీనటులు తెర మీద తమ బొమ్మ చూసుకుంటూ మైకు ముందు నిలబడి డైలాగులు చెబుతారు. ఇవతల గదిలో రికార్డు చేసే మిషన్లు, వాటి ముందు మామగారి తిరుగుడు కుర్చీ. రెక్సిన్ చిరిగినప్పుడల్లా మళ్ళీ కుట్టించుకునేవారే తప్ప ఆ కుర్చీని మార్చనిచ్చేవారు కాదు. ఎంత పెద్ద నిర్మాత వచ్చినా అందులో కూర్చోకుండా వెనకనున్న బల్ల మీదే కూర్చునేవాడు.

నేను కాపురానికి వచ్చేనాటికి ఇంకా టేపుల మీదే రికార్డింగు జరిగేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్లను, నాకు సినిమా అంటే తెర మీద కనిపించేదే. అలాంటిదాన్ని, ఇంట్లో ఖాళీగా ఎందుకు కిందకి రా అమ్మాయ్ అని ఆయనే పిలిచి పని నేర్పారు. సీను పేపర్లు చూసి ఏ డైలాగు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం, ఏ టేకు బాగుందో గుర్తు పెట్టడం, మాటకీ పెదవికీ పొత్తు కుదరకపోతే వెంటనే పట్టుకోవడం, ఇవన్నీ నాకు బాగా అబ్బాయి. చిన్న చిన్న వేషాల వాళ్ళు వచ్చినప్పుడు ఆయన కాఫీకి లేచి, కాసేపు నువ్వు కూర్చో అని కుర్చీ చూపించేవారు. ఆ కుర్చీలో కూర్చున్న కాసేపూ నాకు అత్తవారిల్లు, పుట్టిల్లు, మొగుడు ఏమీ గుర్తుండేవి కావు. ఎప్పటికైనా ఈ కుర్చీ నాదే అని మనసులో రాసేసుకున్నాను.

ఆయనకొక నియమం ఉండేది. టేకు మొదలైందంటే, మీట నొక్కిన చెయ్యి వెంటనే వెనక్కి వచ్చెయ్యాలి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని కదలకుండా కూర్చోవాలి. మద్రాసులో ఎవరో టేకు మధ్యలో బల్ల మీద మోచెయ్యి ఆన్చితే, ఆ అదురుకి ఒక పెద్ద నటీమణి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పిన సీనంతా పాడైపోయిందట. ఆమె మళ్ళీ అలా చెప్పలేకపోయిందట. ఆ సంగతి చెబుతున్నప్పుడల్లా ఆయన గొంతు ఇప్పుడే జరిగినట్టు వణికేది. అందుకని మా థియేటర్లో టేకు నడుస్తుంటే ఆడవాళ్ళం గాజులు కూడా తీసి మేకుకు తగిలించి, హారతి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని ఉండేవాళ్ళం. ఎవరికైనా తుమ్ము వస్తే కళ్ళనీళ్ళ పర్యంతమై ఆపుకునేవాళ్ళు గానీ తుమ్మేవాళ్ళు కాదు.

ఇలా సాగుతున్న మా ఇంట్లోకి తోడికోడలు వచ్చింది. మా మరిది ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. రహమత్ నగర్ పిల్ల, తరతరాలుగా హైదరాబాదు వాళ్ళే. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసింది. సన్నగా, పొడుగ్గా, నడుం దాటిన జడతో, నవ్వితే సొట్టబుగ్గలతో ఉండేది. ఇవన్నీ పోనీ అనుకోవచ్చు, మనిషన్నాక అందంగా ఉండకూడదా. ఆ పిల్ల కీబోర్డు వైపు చూడకుండా టైపు చేసేది. నేను ఒక్కో అక్షరం వెతుక్కుని పొడుస్తుంటే, తను ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ, నవ్వుతూ, టకటకా కొట్టేసేది. ఆ చప్పుడు నా చెవిన పడితే అన్నం సహించేది కాదు. అంతకన్నా నా కడుపు మండించిన సంగతి ఇంకొకటుంది. అన్నేళ్ళు మద్రాసులో ఉండి ఒక్క అరవ ముక్క కూడా నోట పట్టనివ్వని మామగారు, ఈ పిల్ల వచ్చిన కొన్నాళ్ళకే "జర ఆగు" అనడం మొదలుపెట్టారు! నా గుంటూరు మాటలు ఏనాడైనా ఆయన నోట పలికాయా? పలకలేదు.

అప్పటికి టేపులు పోయి కంప్యూటర్ మీద రికార్డింగు వచ్చేసింది. పాత మిషన్లు మూలకి చేరాయి. మామగారికి కంప్యూటర్ అంటే భయం కాదు గానీ మొహమాటం. ఏ చిన్న సందేహం వచ్చినా పిలుపు "చిన్నమ్మాయ్" అనే. నేను పక్కనే ఉంటాను, అయినా సరే చిన్నమ్మాయ్. ఆ పిలుపు వినిపించినప్పుడల్లా నేను సీను పేపర్లు సర్దినవే మళ్ళీ సర్దేదాన్ని. ఆ పిల్ల మాత్రం ఎగురుకుంటూ వచ్చి, పని చేసి పెట్టి, పోతూ పోతూ "అక్కా, చాయ్ తాగుతవా?" అని అడిగేది. తాగను అనేదాన్ని. ఆ చాయ్ ఘుమఘుమలాడుతూ ఉండేది, అది ఇంకొక బాధ.

ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు మజ్జిగ కలుపుకుంటూ, "ఈ హీరోగారి సినిమా పూర్తయ్యాక నేను కుర్చీ దిగుతానురా. చెవులు మునుపట్లా లేవు. కోడళ్ళలో ఎవరో ఒకరు కూర్చుంటారు" అన్నారు. ఎవరో ఒకరు! మా ఆయనకీ మా మరిదికీ బయటి పనులు, మిషన్ల పనులు తప్ప ఆ కుర్చీ మీద మమకారం లేదు, కాబట్టి వాళ్ళిద్దరూ తలాడించి లేచిపోయారు. నేను మాత్రం కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాను. ఈ పిల్ల రాకముందు ఆయన ఆ మాట అని ఉంటే 'పెద్దమ్మాయి కూర్చుంటుంది' అని ఉండేవారు కాదా? మీరే చెప్పండి.

ఆ హీరోగారి పేరు చెప్పను, మీ అందరికీ తెలిసినవారే. ఆయన పద్ధతి వేరు. అందరూ ఒక్కో ముక్క చెప్పి ఆగి, మళ్ళీ ఇంకో ముక్క చెబుతారు. ఆయన అలా కాదు, పేజీకి పేజీ ఒకే ఊపులో చెప్పేస్తారు. అలా చెబుతున్నప్పుడు మా గదిలో అందరికీ ఒళ్ళు గగుర్పొడిచేది. ఆయన డబ్బింగు మొదటి రోజున కోర్టు సీను పెట్టారు. పెద్ద టేకు. అద్భుతంగా చెప్పారు. తీరా వెనక్కి తిప్పి వింటే, మొదట కాస్త దూరం శుభ్రంగా ఉండి, ఆ తర్వాత ఆయన గొంతు మధ్యలో ఆవాలు వేగినట్టు చిటపటలు. ఆయన పాపం ఏమీ అనకుండా మళ్ళీ చెప్పారు. మళ్ళీ చిటపటలే. మూడోసారికి ఆయన ముఖం మారింది.

ఇక చూడండి మా అవస్థ. మా మరిది మైకు మార్చాడు, కేబుళ్ళు మార్చాడు, ఎర్తింగ్ గుంతలో ఉప్పు వేసి బిందెలు బిందెలు నీళ్ళు పోశాడు. చిన్న నటుల చేత చెప్పించి చూస్తే ఒక్క చప్పుడు లేదు, పాలలా ఉంది. హీరోగారు వస్తే మళ్ళీ అదే రొద. ఫిల్మ్‌నగర్‌లో ఇలాంటివాటికి ఒకటే అర్థం. ఆయన మేనేజరు చేతులు నలుపుకుంటూ, "సారుకి ఈ థియేటర్ అచ్చిరావట్లేదేమోనండీ" అన్నాడు. ఆ మాటకి మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అచ్చిరాదన్న పేరు ఒక్కసారి పడిందంటే ఇక ఏ హీరో ఆ మెట్లు దిగడు, ఏ దర్శకుడూ ఆ వీధిలోకే రాడు. థియేటరే లేకపోతే కుర్చీ ఎవరికి, ఎందుకు? ఆ సాయంత్రమే గుమ్మడికాయ తెప్పించి గుమ్మం ముందు దిష్టి తీసి కొట్టించారు.

మర్నాడు మళ్ళీ "చిన్నమ్మాయ్". ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని టాస్క్ మేనేజర్ తెరిచింది. మీలో కొందరికి తెలిసే ఉంటుంది, కంప్యూటర్ లోపల ఏయే ప్రోగ్రాములు పని చేస్తున్నాయో, ఒక్కొక్కటి దాని శక్తిలో ఎంతెంత తింటోందో వరసగా చూపించే పట్టిక అది. కొన్ని మన కళ్ళెదుట ఉంటాయి, చాలావాటికి కిటికీ కూడా ఉండదు, వెనకాలే నడుస్తుంటాయి. పైనుంచి కిందిదాకా చూసి, "గీడ ఏం లేదు మామయ్యా, అంతా మంచిగనే ఉంది" అంది. నాకు లోపల చల్లగా అనిపించింది. ఏదో ఒకటి నీకు కూడా తెలియనిది ఉందన్నమాట అనుకున్నాను.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. హీరోగారు వచ్చే వేళకి మామగారు, "కంప్యూటర్‌తో వచ్చిన పేచీ కాబట్టి ఇవాళ నువ్వే కూర్చోమ్మా" అని ఆ పిల్లని తన కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్ద హీరోగారి టేకుకి! అన్నేళ్ళలో నన్ను ఒక్కనాడు కూర్చోబెట్టలేదు. నేను వెనక బల్ల మీద సీను పేపర్లు పట్టుకుని కూర్చున్నాను. మీట నొక్కి ఆ పిల్ల చేతులు కట్టుకుంది, అందరం కట్టుకున్నాం. అద్దం అవతల ఆయన మొదలుపెట్టారు. గదిలో అందరి కళ్ళూ ఆయన మీదే. నా కళ్ళు మాత్రం ఆ పిల్ల మీదే. జడలో పెట్టుకున్న మల్లెపూలు, కుర్చీలో వెనక్కి వాలిన తీరు, తలకి అటూ ఇటూ కనిపిస్తున్న కంప్యూటర్ తెర. ఆ పట్టిక మూసెయ్యడం మరిచిపోయినట్టుంది, తెర మీద ఒక మూల తెరిచే ఉంది.

నేను కన్నార్పకుండా చూస్తుండగా, అంతవరకూ లేని పేరు ఒకటి ఆ పట్టికలో అడుగున మెల్లగా తలెత్తింది. దాని పక్కన అంకె పెరిగింది, ఇంకా పెరిగింది, మిగతావాటన్నిటినీ తోసుకుని పైకి వచ్చి కూర్చుంది. అప్పుడే స్పీకర్లో చిటపటలు మొదలయ్యాయి. ఆయన ఆపేశారు. ఆ పిల్ల చెయ్యి మౌస్ మీదికి వెళ్ళిందో లేదో ఆ పేరు గభాలున దిగిపోయింది. రెండో టేకులో మళ్ళీ అదే వరస. హీరోగారు బయటికి వచ్చి, చాలా మర్యాదగా, "ఎల్లుండి ఒక్కసారి చూద్దామండీ. కాకపోతే ఇంకెక్కడైనా పెట్టుకుందాం" అని వెళ్ళిపోయారు.

ఆయన కారు గేటు దాటగానే నేను చూసింది చెప్పాను. ఆ పిల్ల వెంటనే మౌస్ పట్టుకుని పట్టికంతా పైకీ కిందికీ తిప్పి చూసింది. ఏమీ లేదు. "నిజంగ చూసినవా అక్కా? గసొంటిదేం కనబడ్తలేదు" అంది. వెటకారంగా కాదు, మామూలుగానే అంది, కానీ నా ఒళ్ళు ఎలా మండిందో ఆ దేవుడికే తెలుసు. మామగారు కూడా, పోనీలే పెద్దమ్మాయ్, కళ్ళు అలిసి ఉంటాయి అన్నారు. కళ్ళు అలిసి ఉంటాయట! అప్పుడు నాకు మొండితనం వచ్చింది. మౌస్ వదలండి, అందరూ వచ్చి కూర్చోండి, టేకప్పుడు ఎలా కూర్చుంటామో అలా కూర్చోండి అని గద్దించాను. మామగారిని గద్దించడం నా జన్మలో అదొక్కసారే.

ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మామగారు, మా మరిది, తోడికోడలు, నేను, నలుగురం వరసగా చేతులు కట్టుకుని, అద్దం అవతల ఎవరూ లేకపోయినా, మాటా పలుకూ లేకుండా కంప్యూటర్ కేసి చూస్తూ కూర్చున్నాం. కొంతసేపు గడిచింది. మామగారు దగ్గబోయి మానుకున్నారు. ఆ పేరు మెల్లగా తలెత్తింది. "అరె, వచ్చిందక్కా!" అని ఆ పిల్ల కేక పెట్టి మౌస్ పట్టుకుంది, అంతే, మాయం. నేను తిట్టబోయేలోపల తనే నాలుక కరుచుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఈసారి అందరం తీరిగ్గా చూశాం. పేరు నేను అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలూ కలిపి చదివితే సీఐడీ అని వచ్చింది, మూడోదాని నుంచి చివరిదాకా చదివితే డీమన్, అంటే భూతం, అని. ఆ రోజుల్లో పైరసీ భయం మాకు పాము భయం కన్నా ఎక్కువ. సినిమా బయటికి పాకిపోతుందని ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లైను కూడా పెట్టనిచ్చేవారు కాదు. మామగారు, మన సినిమా ఎవడో లాగేస్తున్నాడురా అని కుర్చీలో కూలబడ్డారు.

అదేమిటో తెలుసుకోవాలంటే యూసఫ్‌గూడ దాకా వెళ్ళి నెట్ సెంటర్లో చూడాలి. నేను కనిపెట్టాను కాబట్టి నేనే వెళతానన్నాను. వెళ్ళడానికి నాకు బండి నడపడం రాదు. ఆ పిల్లకి వచ్చు. ఇంకేం చేస్తాను, తన స్కూటర్ వెనక కూర్చుని, ఆ జడ నా ముఖానికి తగులుతుంటే పక్కకి తోసుకుంటూ, అరచేతి మీద అక్షరాలు చెమటకి చెరిగిపోకుండా గుప్పిట తెరిచి పట్టుకుని వెళ్ళాను.

నెట్ సెంటర్లో ఆ పేరు కొట్టగానే పేజీలు పేజీలు వచ్చాయి. అంతా ఇంగ్లీషు. నేను ఒక వాక్యం చదివేలోపు ఆ పిల్ల పేజీ చివరికి వెళ్ళిపోయేది. చదివి నాకు చెప్పింది. "ఇది దొంగ కాదక్కా, విండోస్‌దే. కంప్యూటర్ల ఉన్న ఫైళ్ళన్నీ ఒక్కొక్కటి సదువుకుంట, యాడ ఏమున్నదో గుర్తు పెట్టుకుంటదంట. మనం ఏదన్న ఎతికితే జల్ది దొరకాలని." దొంగప్రోగ్రాములు కూడా ఇలాంటి మంచి పేర్లు తగిలించుకుని తిరుగుతుంటాయని, పేరు ఒక్కటే చూసి నమ్మకుండా అది ఏ ఫోల్డర్లోంచి లేస్తోందో చూడాలని కూడా అందులో ఉందట. సరే, అయితే మనం చూడబోతే మాయమవుతుందేమిటే అని అడిగాను. "మనకి అడ్డం రావద్దని పక్కకు జరుగుతదంట. ఎవ్వలు ముట్టకుంటే, వీళ్ళు ఖాళీగ ఉన్నరనుకొని లేస్తదంట" అంది.

ఆ మాట తను అన్నదే గానీ దాని అర్థం తనకంటే ముందు నాకు తట్టింది. ఇది రాసి పెట్టుకోండి. నాకే ముందు తట్టింది. చేతులు కట్టుకోవడం! మామగారి నియమం! చిన్న నటులు ఒక్కో ముక్కే చెబుతారు కాబట్టి మన చెయ్యి మాటిమాటికీ మౌస్ మీదికి వెళుతుంది, దానికి లేచే సందు దొరకదు. హీరోగారు పేజీకి పేజీ చెబుతారు, మనం అంతసేపూ కదలకుండా చేతులు కట్టుకుంటాం, ఎవరూ లేరనుకుని అది లేచి పని మొదలుపెడుతుంది, రికార్డింగు తడబడి చిటపటలు వస్తాయి. ఇది నేను గబగబా చెప్పేసరికి ఆ పిల్ల, "అబ్బ అక్కా! ఏం పట్టినవక్కా!" అని నెట్ సెంటర్లో అందరూ చూస్తుండగా నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను గెలిచిన క్షణం అది. తన ముఖంలో కాస్తంత నలుపు వెతికాను. లేదు. సంతోషంతో వెలిగిపోతోంది. నేనే కనుక ఆ స్థానంలో ఉంటే రాత్రికి నిద్ర పట్టేది కాదు. కుళ్ళుకోవడం కూడా తెలియని మనిషిని చూసి ఎంత కుళ్ళుకోవాలో అంతా కుళ్ళుకున్నాను.

తిరిగి వచ్చాక ముందు అది ఏ ఫోల్డర్లో ఉందో చూశాం. విండోస్ సొంత ఫోల్డర్లోనే ఉంది. ఇక దాన్ని ఆపే పని నాదే అన్నాను. చేతులు కట్టుకుని, అది లేచేదాకా ఆగి, మాయమయ్యేలోపే గభాలున పట్టికలో దాని పేరు మీద నొక్కి, ముగించమని ఆజ్ఞ ఇచ్చాను. పోయింది. అందరి కేసీ తల ఎగరేసి చూశాను. మళ్ళీ చేతులు కట్టుకున్నామో లేదో, చచ్చిందనుకున్నది బతికి లేచి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. "గట్ల కాదక్కా, దీన్ని లేపేటిది ఇంకోటున్నది" అని ఆ పిల్ల సర్వీసుల జాబితాలోకి వెళ్ళి, ఇండెక్సింగ్ సర్వీస్ అన్నదాన్ని పట్టుకుని, ఆపి, ఇంకెప్పుడూ దానంతట అది లేవకుండా కట్టడి చేసింది. తర్వాత ఎంతసేపు చేతులు కట్టుకున్నా ఏమీ లేవలేదు.

అయితే మొదట్లో లేనిది ఇప్పుడెలా వచ్చింది, దీన్ని ఎవరో ఒకరు పెట్టి ఉండాలి కదా అన్నాడు మా మరిది. నేను ఆశగా తోడికోడలి కేసి చూశాను. ఇంతలో మామగారు దగ్గారు. విషయమేమిటంటే, ఆ విండోస్‌లో ఏదైనా వెతకబోతే తెర మీదికి ఒక పసుపుపచ్చ కుక్కపిల్ల వచ్చి తోక ఆడించేది, గుర్తుందా మీకు? ఆయనకి ఆ కుక్కపిల్ల అంటే మహా ముద్దు. ఈ డబ్బింగు మొదలవడానికి ముందు హీరోగారి పాత సినిమా టేకు ఏదో వెతుకుతుంటే, ఇకముందు వెతుకులాట త్వరగా అయ్యేట్టు చెయ్యమంటారా అన్నట్టు ఏదో కనిపించిందట. "పాపం కుక్కపిల్ల అడుగుతోంది కదాని సరే అన్నానమ్మా" అన్నారు. ఎవరికీ కోపం రాలేదు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

హీరోగారు వచ్చి కోర్టు సీను ఒకే టేకులో చెప్పేశారు. ఒక్క చిటపట లేదు. "ఇవాళ థియేటర్ బాగా పలికిందండీ" అని మామగారి చెయ్యి పట్టుకుని ఊపారు. మేనేజరు మాత్రం, గుమ్మడికాయ పని చేసిందండీ అన్నాడు. నేను చూసిన చూపూ పోయింది, ఆ పిల్ల చేసిన పనీ పోయింది, ఖ్యాతంతా గుమ్మడికాయ కొట్టేసింది. మామగారు ఔనౌనని తలూపారు. థియేటర్ అచ్చొచ్చింది, చాలదా అని ఆయన ఉద్దేశం.

సినిమా పూర్తయింది. ఆయన అన్న మాట ప్రకారం కుర్చీ దిగారు. చిన్నమ్మాయిని కూర్చోబెట్టారు. కాళ్ళకి దణ్ణం పెట్టించి, బొట్టు పెట్టి, అందరి ఎదుటా కూర్చోబెట్టారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అద్దం అవతలి మనిషి తప్ప ఏమీ కనపడదమ్మా. వెనక నీలాంటిది ఒకతి ఉండాలి. ఆ రోజు నువ్వు చూడబట్టి కదా" అన్నారు. ఆ మాటకి ఇంకెవరైనా అయితే పొంగిపోయేవారేమో. నేను పైకి వెళ్ళి వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చాను. నాకు మెప్పు వద్దు, కుర్చీ కావాలి. చూసింది నేను, చూసినందుకు వెనక బల్ల బహుమానం!

అయినా ఎక్కడికి పోతాను. ఏళ్ళ తరబడి ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఆ పిల్ల ముందు, నేను వెనక. తను ఏ టేకులో ఏం పొరపాటు చేస్తుందా అని కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేదాన్ని, చేస్తే టక్కున చెప్పేదాన్ని, తను "శుక్రియా అక్కా" అని నవ్వుతూ దిద్దుకునేది. అందుకేనేమో మా థియేటర్ నుంచి తప్పు సౌండు బయటికి వెళ్ళిందన్న మాట ఎవరూ అనలేదు. చేతులు కట్టుకునే నియమం కూడా చివరిదాకా అలాగే నడిచింది.

మామగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. మా మరిదీ తనూ టోలిచౌకి వెళ్ళి సొంతంగా స్టూడియో పెట్టుకున్నారు. కుర్చీ నాకు వచ్చింది. మొదటిరోజు టేకుకి మీట నొక్కి, చేతులు కట్టుకుని, శుభ్రంగా పూర్తి చేసి, ఎలా ఉంది అన్నట్టు వెనక్కి తిరిగాను. బల్ల మీద సీను పేపర్లున్నాయి, మనిషి లేదు. అక్కడ ఎవరుండాలని నేను తిరిగానో నాకే తెలియదు. కొన్నేళ్ళు నడిపాను గానీ, ఆ గదిలో నేను చేసిన తప్పులు నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు ఆ కింది భాగం ఏదో కాఫీ హోటలు వాళ్ళకి ఇచ్చాం. కుర్రనటులు చాలామంది ఇంట్లోనే బట్టల బీరువా ముందు మైకు పెట్టుకుని చెప్పేసి పంపించేస్తున్నారట. ఎవరి మైకు వాళ్ళది, ఎవరి కుర్చీ వాళ్ళది. తెలియని పేరేదైనా కంప్యూటర్లో కనిపిస్తే నలుగురూ చేతులు కట్టుకుని కాపు కాసే పని లేదు, ఫోన్‌ని అడిగితే సరి. మంచిదే, కాదనను. కానీ పక్కవాళ్ళ మీద మండిపోతూ ఒకే గదిలో రోజంతా కూర్చుని పని చేసిన మనుషుల మధ్య ఏదో ఒకటి ఉండేది, దాని పేరేమిటో నాకు తెలియదు, ఇప్పుడు అది ఎక్కడా కనిపించడం లేదు.

తోడికోడలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. తన స్టూడియోలో తన కుర్చీ వెనక ఒక బల్ల వేయించిందట, ఎవరినీ కూర్చోనివ్వదట. "నువ్వెప్పుడొచ్చినా నీ జాగా నీకున్నది అక్కా" అంటుంది. చూశారా, నాకు రాని ఆలోచన అది. నాకు కుర్చీ ఉన్నన్నాళ్ళూ, నా వెనక తన కోసం ఒక బల్ల ఖాళీగా ఉంచాలని నాకెందుకు తోచలేదు? అందులోనూ తనే ముందు.